పొరుగు దీవులు: గాలివాన, అప్పు, వలస

ఫ్లోరిడాలో ఉన్న మనవాళ్లకి బహామాస్ అంటే క్రూజ్ షిప్పు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే డిస్నీ వరల్డ్ అయ్యాక తీర్చుకోవలసిన రెండో మొక్కు అదే. మూడు రాత్రుల టికెట్టు, నాసో రేవులో దిగడం, బజారులో తాటాకు బుట్ట ఒకటి బేరమాడి కొనడం, ఫోటోలు, మళ్లీ ఓడెక్కడం. మా ఇంట్లోనూ అలాంటి బుట్ట ఒకటుంది, ఉల్లిపాయలు వేసుకుంటున్నాం. ఆ దీవుల ప్రజలు ఏమి తింటారో, పన్నులు ఎలా కడతారో, దేనిమీద పోట్లాడుకుంటారో మనం అడగం. నేనూ 2019 దాకా అడగలేదు. ఇళ్లకీ వంతెనలకీ గాలి ఒత్తిడి లెక్కలు కట్టే ఉద్యోగం కాబట్టి, డోరియన్ హరికేన్ తర్వాత ఏ ఇల్లు నిలిచింది, ఏ ఇల్లు పడింది అని చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే ఇళ్లని దాటి ఆ దేశం చరిత్రలోకి వెళ్లాను. ఆ కథే మీతో పంచుకుందామని.

బహామాస్ మ్యాపులో ఏడువందల చిల్లర దీవులు. వాటిలో మనుషులు ఉండేవి ముప్ఫై దాకా. జనాభా నాలుగు లక్షలు, అంటే మన పక్క ఒక మోస్తరు పట్టణమంత. 1973 జులై 10న బ్రిటిష్ వాళ్ల నుంచి స్వతంత్రం వచ్చింది. డోరియన్ 2019 సెప్టెంబరు 1న అబాకో దీవులని గంటకి 185 మైళ్ల గాలితో కొట్టింది. కొట్టి వెళ్లిపోలేదు. మర్నాడు గ్రాండ్ బహామా దీవి మీదికి వచ్చి దాదాపు ఒక రోజంతా అక్కడే కూర్చుంది. సముద్రం ఇరవై అడుగుల ఎత్తున ఊళ్లమీద పడింది. అధికారికంగా చనిపోయినవాళ్లు డెబ్భైకి పైగా. కనబడకుండా పోయినవాళ్లు వందల్లో. ఈ రెండు అంకెల మధ్య తేడా గుర్తు పెట్టుకోండి. నష్టం 340 కోట్ల డాలర్లని ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు లెక్క తేల్చింది. దేశం ఏడాది సంపాదనలో నాలుగో వంతు పైన రెండు మూడు రోజుల్లో పోయిందన్నమాట.

ఇది మొదటి దెబ్బ కాదు. 2015లో వాకీన్, 2016లో మాథ్యూ, 2017లో ఇర్మా. ఒకదాని రేకులు బిగించేలోపు మరొకటి. మాథ్యూ తర్వాత ప్రధాని పెర్రీ క్రిస్టీ ప్రభుత్వం పునర్నిర్మాణానికి 15 కోట్ల డాలర్లు అప్పు చేస్తామని పార్లమెంటులో తీర్మానం పెట్టింది. అప్పుడు జనం అడిగిన ప్రశ్న ఒక్కటే: వ్యాట్ డబ్బు ఏమైంది? బహామాస్‌లో ఆదాయపు పన్ను లేదు. ఖజానా చాలావరకు దిగుమతి సుంకాల మీదా ఫీజుల మీదా నడిచేది. అది చాలక 2015 జనవరి 1 నుంచి 7.5 శాతం వ్యాట్ తెచ్చారు, అప్పులు తీర్చడానికే ఇది అని చెప్పి. రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ అప్పంటే ఎవరు ఊరుకుంటారు? అదే ఏడాది డిసెంబరులో స్టాండర్డ్ అండ్ పూర్స్ ఆ దేశం బాండ్లని చెత్తబుట్ట తరగతికి దించింది. 2017 మే ఎన్నికల్లో క్రిస్టీ పార్టీకి 39 సీట్లలో నాలుగే మిగిలాయి. గెలిచిన హ్యూబర్ట్ మిన్నిస్ మన డాక్టర్ల కులంవాడు, వృత్తిరీత్యా గైనకాలజిస్టు. పాత ప్రభుత్వం అప్పుల్ని తిట్టి గెలిచినాయన 2018 జులైలో వ్యాట్ ని 12 శాతానికి పెంచాడు. అప్పు అనేది పార్టీ చూసి నడుచుకోదు కదా.

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి, ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోలేను. బహామాస్ డాలరు అమెరికన్ డాలరుకి సరిసమానంగా కట్టేసి ఉంటుంది. కాబట్టి నోట్లు అచ్చేసి ఇళ్లు కట్టలేరు. ప్లైవుడ్డు, సిమెంటు, మేకులు, చివరికి తినే బియ్యం కూడా చాలావరకు మన ఫ్లోరిడా రేవుల నుంచి డాలర్లు పెట్టి కొనుక్కోవాలి. హరికేన్ వస్తే టూరిస్టులు రారు, అంటే డాలర్లు రావు. దెబ్బతిన్న దీవులకి సుంకాలు, వ్యాట్ మాఫీ చెయ్యాలి, అది న్యాయమే, కానీ ఖర్చు రెట్టింపైన సంవత్సరమే రాబడి చేజేతులా వదులుకున్నట్టు. కరీబియన్ ప్రభుత్వాలన్నీ కలిసి 2007లో ఒక బీమా నిధి పెట్టుకున్నాయి. మన ఆడవాళ్ల చీటీ లాంటిదే, కాకపోతే పాట పాడేది గాలి. గాలి వేగం, నీటి మట్టం ఇంతకి చేరితే ఇంత అని డబ్బు వారం రెండువారాల్లో చేతికి వస్తుంది. డోరియన్‌కి ఆ నిధి నుంచి వచ్చింది సుమారు కోటీ ముప్ఫై లక్షల డాలర్లు. నష్టం 340 కోట్లు. మిగతాది ఎక్కడినుంచి తెస్తారు? అప్పే. ఆ వెనకే కోవిడ్ వచ్చి ఓడలు ఆగిపోయాయి. 2021 నాటికి ప్రభుత్వం అప్పు వెయ్యి కోట్ల డాలర్లు దాటి, దేశం ఏడాది సంపాదనకి ఇంచుమించు సమానమైంది.

అప్పు చేసి ఇళ్లు కట్టాలన్నప్పుడు, ఎవరి ఇళ్లు అనే ప్రశ్న వస్తుంది. అబాకో ముఖ్యపట్టణం మార్ష్ హార్బర్. దాన్ని ఆనుకుని మడ్ అని ఒక పేట ఉండేది, పక్కనే పిజియన్ పీస్ అని ఇంకొకటి. అంటే మట్టిపేట, కందులపేట అనుకోండి. ప్లైవుడ్డు గోడలు, ఒకదానికొకటి ఆనుకున్న కప్పులు, ఇంటి నుంచి ఇంటికి లాగిన కరెంటు తీగలు. ఉండేది హైతీ నుంచి వచ్చినవాళ్లూ, ఇక్కడే పుట్టిన వాళ్ల పిల్లలూ. 1950ల చివర హైతీలో డువాలియే నియంతృత్వం మొదలయ్యాక పడవల్లో వచ్చినవాళ్లు కొందరు, అబాకోలో కలప, చెరకు, ఆ తర్వాత నిమ్మతోటల పనికి వచ్చినవాళ్లు కొందరు. పక్క దీవుల్లో ధనవంతుల వేసవి ఇళ్లకి తోటపని, వడ్రంగం, వంట, అన్నీ వీళ్లే. చాలామందికి వర్క్ పర్మిట్లు ఉన్నాయి. పర్మిట్ యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. అతని కొట్టు కొట్టుకుపోతే పర్మిట్టూ కొట్టుకుపోతుంది. హెచ్-1 మీద వచ్చి, లే ఆఫ్ అంటే 60 రోజులు వేళ్లమీద లెక్కపెట్టుకునే మనకి ఇది ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక్కడే పుట్టిన పిల్లల సంగతి ఇంకా విచిత్రం. తల్లిదండ్రులిద్దరూ విదేశీయులైతే, బహామాస్‌లో పుట్టినా పౌరసత్వం రాదు. పద్దెనిమిదేళ్లు నిండాక ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవాలని రాజ్యాంగం ఏడో అధికరణం చెబుతుంది. అంతవరకూ ఆ పిల్ల ఏ దేశం మనిషో చెప్పడానికి చేతిలో గట్టి కాగితం ఉండదు.

డోరియన్ ఈ రెండు పేటల్నీ తుడిచిపెట్టేసింది. వెంటనే ప్రభుత్వం అక్కడ మళ్లీ ఏమీ కట్టకూడదని ఉత్తర్వు ఇచ్చింది. వారాలు తిరక్కుండా డిపోర్టేషన్లు మళ్లీ మొదలయ్యాయి. 2019 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. బహామియన్ల వాదన కూడా వినాలి. కోటికి పైబడ్డ జనాభా ఉన్న, ఎప్పుడూ ఏదో ఒక కష్టంలో ఉండే హైతీ పక్కన నాలుగు లక్షల మంది దేశం. స్కూళ్లలో సీట్లు, ఆస్పత్రిలో మంచాలు లెక్కపెట్టుకుని బతకాలి. మేం వ్యాట్ కట్టి, మా పిల్లల మీద అప్పు మోపి తెచ్చిన డబ్బు కాగితాలు లేనివాళ్లకా అని వాళ్లు అడిగితే దాన్ని కేవలం ద్వేషమని కొట్టిపారెయ్యలేను. మడ్ లాంటి పల్లపు నేలలో ప్లైవుడ్డు ఇళ్లు మళ్లీ లేపకూడదన్న మాట ఇంజనీరుగా నాకూ సమ్మతమే. ఆ గాలికీ ఆ నీటికీ అది ఇల్లు కాదు, ఉచ్చు. కానీ వద్దన్న తర్వాత ఎక్కడ ఉండమంటారో చెప్పాలి. ఆ రెండో వాక్యం ఉత్తర్వులో లేదు. మర్నాడు అదే మార్ష్ హార్బర్ లో శిథిలాలు ఎత్తడానికీ, కప్పులు కట్టడానికీ కావలసింది ఆ చేతులే.

ఇది చదువుతున్నప్పుడు నాకు 1996 నవంబరు గుర్తొచ్చింది. కోనసీమ తుఫాను నాటికి నేను కాలేజీ కుర్రాణ్ణి. కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకున్నాయి. నష్టపరిహారానికి పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్లు రేషన్ కార్డు చూపించమన్నారు. చెరువుగట్టు మీద పాకలేసుకుని ఉన్న శ్రీకాకుళం కూలీల కార్డులు శ్రీకాకుళంలో ఉన్నాయి. వాళ్ల పేర్లు మా ఊరి జాబితాకి ఎక్కలేదు. సొంత రాష్ట్రంలోనే, సొంత భాషలోనే. దేశాల మధ్య సముద్రం ఉంటే ఇంకెంత?

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఈ బహామియన్లు ఒకప్పుడు మనమిప్పుడు ఉంటున్న ఈ ఫ్లోరిడాకి కూలీలుగా వచ్చినవాళ్లే. 1896లో మయామీని పట్టణంగా ఏర్పాటు చెయ్యడానికి ఓటేసినవాళ్లలో మూడోవంతుకు మించి నల్లవాళ్లు, వాళ్లలో చాలామంది బహామియన్లు. ఇక్కడి పగడపు రాతితో ఇల్లు ఎలా కట్టాలో తెల్లవాళ్లకి నేర్పింది వాళ్లే. 1900 నుంచి 1920 లోపు ఆ దీవుల జనాభాలో ఇంచుమించు ఐదోవంతు ఫ్లోరిడా చేరింది. తోటల్లో, రైలు కట్టల మీద, ఒకీచోబీ సరస్సు చుట్టూ చిక్కుడు పొలాల్లో పని చేశారు.

1928 సెప్టెంబరు 16 రాత్రి హరికేన్ ఆ సరస్సుని ఎత్తి పొలాలమీద పోసింది. అక్కడున్న మట్టికట్ట ఏ మూలకీ చాలలేదు. కనీసం 2,500 మంది పోయారు. నాలుగింట మూడువంతులు నల్ల కూలీలు, వాళ్లలో చాలామంది బహామాస్ నుంచి వచ్చినవాళ్లు. సరైన లెక్క ఎప్పటికీ తేలలేదు, ఎందుకంటే వలస కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పెట్టెలు తెల్లవాళ్లకే కేటాయించారు. వెస్ట్ పామ్ బీచ్ లో 674 మంది నల్లవాళ్లని ఒకే గోతిలో పూడ్చారు. పేరు లేదు, రాయి లేదు. దశాబ్దాలపాటు ఆ నేల ఏమిటో ఊళ్లో కొత్తతరానికి తెలియలేదు. జోరా నీల్ హర్స్టన్ 1937 నవలలో ఈ వరద ఉంది; మన పిల్లలకి హైస్కూల్లో ఆ పుస్తకం పెడతారు, అడిగి చూడండి. తర్వాత ప్రభుత్వం సరస్సు చుట్టూ పెద్ద గట్టు కట్టింది, దానికి అధ్యక్షుడు హూవర్ పేరు పెట్టారు. మా వృత్తివాళ్లం ఆ గట్టు గురించి చాలా చదువుతాం. గోతి గురించి మాకెవరూ చెప్పలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాకి పొలం కూలీలు చాలక, 1943లో బహామాస్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. అప్పటి గవర్నరు, ప్రేమ కోసం సింహాసనం వదులుకున్న డ్యూక్ ఆఫ్ విండ్సర్. 1965 దాకా వేలమంది బహామియన్లు ఇలా వచ్చి వెళ్లారు. దాన్ని అక్కడి పెద్దలు ఇప్పటికీ కాంట్రాక్టు అనే అంటారు. జీతంలో కొంత పట్టుకుని ఇంటికి పంపేవారు. ఆ డబ్బుతో దీవుల్లో ఎన్నో ఇళ్లు లేచాయి. మన ఊళ్లలో గల్ఫు డబ్బుతోనూ డాలర్లతోనూ లేచిన మేడల్లాగే. అంటే, హైతీవాళ్లని చూసి విసుక్కునే బహామియన్ ఇంట్లో తాతగారి ఫోటో ఒకటి ఫ్లోరిడా టమాటా పొలంలో తీసినదై ఉండటానికి చాలా అవకాశం ఉంది.

డోరియన్ వెళ్లిన వారానికి చక్రం ఇంకోసారి తిరిగింది. 2019 సెప్టెంబరు 8న ఫ్రీపోర్టు నుంచి ఫోర్ట్ లాడర్‌డేల్ వచ్చే ఫెర్రీలో ఇళ్లు పోయిన బహామియన్లు ఎక్కి కూర్చున్నారు. అమెరికా వీసా లేనివాళ్లు దిగిపోవాలని మైకులో ప్రకటించారు. వందమందికి పైగా పిల్లల్ని ఎత్తుకుని దిగిపోయారు. విమానంలో నాసో నుంచి వస్తే పోలీసు సర్టిఫికెట్టు చాలు, ఓడలో వస్తే వీసా కావాలి. గాలివానలో ఇల్లు పోయినవాడు ఈ తేడా తెలుసుకుని ఉండాలి. కొద్దిరోజుల్లోనే బహామియన్లకి తాత్కాలిక రక్షణ హోదా ఇవ్వబోమని అమెరికా ప్రభుత్వం తేల్చి చెప్పింది. నాసోలోనేమో మడ్ వాళ్లని పంపించెయ్యాలని గొంతులు లేచాయి.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 2021 సెప్టెంబరులో మిన్నిస్ ఓడిపోయి ఫిలిప్ డేవిస్ ప్రధాని అయ్యాడు. 2022 జనవరిలో వ్యాట్ 10 శాతానికి తగ్గింది. అప్పు తగ్గలేదు. మురికివాడల్ని కూల్చవద్దని 2018లో సుప్రీం కోర్టు ఇచ్చిన స్టే 2023 ఫిబ్రవరిలో తొలగింది, బుల్డోజర్లు మళ్లీ బయల్దేరాయి. పేటలు మాత్రం ఒకచోట పోతే ఇంకోచోట అడవిలోకి జరుగుతున్నాయి. పని ఉన్నంతకాలం పనివాడు ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు కదా.

మొదట్లో రెండు అంకెల తేడా గుర్తు పెట్టుకోమన్నాను. డోరియన్‌లో దొరికిన శవాల్లో గుర్తుపట్టనివి యాభై దాకా మార్ష్ హార్బర్ లో ఒక చల్లబరిచే ట్రక్కులో ఎనిమిది నెలలున్నాయి. 2020 మే నెలలో అన్నిటినీ ఒకేరోజు అక్కడి శ్మశానంలో పూడ్చారు. గుర్తుపట్టాలంటే బంధువులు వచ్చి డీఎన్ఏ ఇవ్వాలి. కాగితాలు లేని బంధువు ప్రభుత్వం ఆఫీసుకి వెళ్లి, నేను ఫలానావాడి అన్నని అని చెప్పి సంతకం పెట్టాలి. చాలామంది రాలేదు.