గుంతకల్లు నీళ్లు, గుంతకల్లు కంబాలు

మా ఊళ్లో ఒక వస్తువు ఎన్నాళ్లు మన్నుతుందని ఎవరైనా అడిగితే, దాన్ని ఏ నీళ్లతో కడుగుతున్నారో ముందు చెప్పమంటాను. మా తాత రైల్వే వాటర్ వర్క్సులో పంపు ఖలాసీ. మా నాయన లోకో షెడ్డులో చేశాడు. నేను క్యారేజీ డిపార్టుమెంటులో ఫిట్టరుగా రిటైరయ్యాను. మూడు తరాలుగా మా ఇంటి కూడు ఇనుము మీద, దాన్ని తినే నీళ్ల మీద నడిచింది.

మా అక్క కొడుకు బెంగళూరులో అద్దాల మేడలు కడిగే పనిలో ఉన్నాడు. ఈమధ్య ఊరికొస్తూ ఒక పొడుగాటి పోల్ తెచ్చాడు. నల్లగా, బోలుగా, ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు. కొసన బ్రష్షు, బ్రష్షులో సన్నటి చిల్లులు. కింద ట్యాంకు నుంచి నీళ్లు పైపులో పోయి బ్రష్షు దగ్గర చిమ్ముతాయి. మనిషి నేల మీదే నిలబడి మూడో అంతస్తు కిటికీ కడుగుతాడు. నిచ్చెన లేదు, తాడు లేదు.

"గుడ్డ పెట్టే పనే లేదు మామా. నీళ్లారితే అద్దం అదే తళతళమంటుంది" అన్నాడు.

"యా నీళ్లురా అవి? మన బోరు నీళ్లు ఆరితే అద్దం సున్నం కొట్టినట్టుంటుంది."

"అందుకే గదా ఆర్వో పెట్టేది, దాని తరువాత రెజిన్ పెట్టేది. నీళ్లలో ఉప్పెంతో చూపే మీటర్లో సున్నా రావల్ల."

ఆ సున్నా మా ఊరికి కొత్తదేమీ కాదు. కిటికీల కోసం కాకుండా ఇంజన్ల కోసం వచ్చింది. నీళ్లు మోసే కంబమూ అంతే. ఆ సంగతి రాయాలనే ఇది మొదలుపెట్టాను.

గుంతకల్లు రైలు వల్ల పుట్టిన పట్నం. మద్రాసు నుంచి వాయవ్యంగా వచ్చిన మద్రాసు రైల్వే దారి 1871లో రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. అయిదేళ్లు తిరిగేసరికి 1876-78 కరువు వచ్చింది. బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో జనం లక్షల్లో పోయారు. అనంతపురం అప్పటికింకా జిల్లా కాదు, బళ్లారిలో భాగం, 1882లో విడిపోయింది. మళ్లీ కరువొస్తే ధాన్యం తోలడానికని మీటరుగేజి దారులు వేశారు. బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే అలా పుట్టిందే. సదరన్ మరాఠా రైల్వే నడిపిన ఆ లైన్లు, బెంగళూరు వైపు నుంచి హిందూపురం మీదుగా వచ్చిన లైను, పాత బ్రాడ్‌గేజి లైను అన్నీ గుంతకల్లులో కలిశాయి. నీళ్లు లేక జనం చచ్చిన చోటికి, గుక్క తిప్పుకోకుండా నీళ్లు తాగే ఇంజన్లు నలుదిక్కుల నుంచీ వచ్చి నిలబడ్డాయి. దీన్ని విడ్డూరమనాలో అవసరమనాలో నాకిప్పటికీ తెగదు.

అనంతపురం సీమలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. అదీ అదునుకు పడదు. ఆవిరి ఇంజనుకు అదును లేదు. టెండరు నిండా వేల లీటర్లు పోసుకుంటుంది, మళ్లీ పెద్ద స్టేషనొచ్చేసరికి దప్పిక అంటుంది. అందుకే ప్లాట్‌ఫారం కొసల్లో, షెడ్డు వాకిట్లో వాటర్ కాలమ్‌లు ఉండేవి.

ఈ కాలపు కుర్రాళ్లు వాటర్ కాలమ్‌ను చూసుండరు. పోత ఇనుప కంబం, దాని నెత్తిన పక్కకు తిరిగే చెయ్యి. చెయ్యి కొసన తోలుదో కేన్వాసుదో మెత్తటి గొట్టం వేలాడుతుంది. దాన్ని 'బ్యాగు' అనేవాళ్లు. ఫైర్‌మన్ టెండరెక్కి బ్యాగును రంధ్రంలోకి దించితే, కింద ఉన్నవాడు చక్రం తిప్పేవాడు. ఎత్తు ట్యాంకులోని నీళ్లు దబదబా దూకేవి. పనైపోగానే చెయ్యిని పట్టాలకు సమాంతరంగా తిప్పి కొక్కెం వెయ్యాలి. లేకపోతే వచ్చే బండికి తగులుతుంది. చెయ్యి పట్టాల మీదికి అడ్డంగా ఉంటే రాత్రిపూట ఎర్రదీపం కనిపించాలి.

కంబం ఇనుము ఏళ్ల తరబడి నిలుస్తుంది. ముందు పోయేవి మెత్తటి భాగాలు. బ్యాగు రోజూ తడిసి, రోజూ ఎండి, నెర్రెలిచ్చేది. చెయ్యి తిరిగే చోట గ్లాండులో నూలు, కొవ్వు కలిపి కూరిన ప్యాకింగు అరిగిపోయేది. ప్యాకింగు బిగిస్తే చెయ్యి తిరగదు, వదులైతే నీళ్లు కారతాయి. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో చేతికే తెలుస్తుందని మా తాత అనేవాడట. కారే కాలమ్ కింద బిందెలు పెట్టుకునే ఆడోళ్లు మాత్రం ఫిట్టరు రాకపోతేనే బాగుండుననుకునేవాళ్లు. ఎండాకాలం ఊరికి ఆ కారిన నీళ్లే చాలాసార్లు ఆధారం.

నీళ్లు దొరకడం ఒక ఎత్తు. దొరికిన నీళ్లు ఎట్లాంటివన్నది ఇంకో ఎత్తు. ఈ నేలలో నీళ్లు రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం, ఫ్లోరైడు కలుపుకుని పైకొస్తాయి. బాయిలర్‌లో మరిగితే ఆ ఉప్పుల్లో చాలావరకు గొట్టాలకు గట్టిగా పట్టుకుంటాయి. ఆ పొర మందమైన కొద్దీ వేడి లోపలికి దిగదు, బొగ్గు ఎక్కువ తగలబడుతుంది, ట్యూబులు కాలి పగులుతాయి. కొన్ని చోట్ల నీళ్లు నురుగులెత్తి ఆవిరితో పాటు సిలిండర్లలోకి పోయేవి. అందుకే షెడ్డులో వాషౌట్ రోజులుండేవి. బాయిలర్ చల్లారబెట్టి, ప్లగ్గులు విప్పి, ఊచలతో గోకి, జెట్టుతో కడిగి, లోపలి బురద, పెంకులు బయటికి లాగేవాళ్లు. వాషౌట్ రోజు మా నాయన ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవని మా అమ్మ చెప్పేది. నీళ్లలో ఏముందో చూడ్డం అప్పటికే మా షెడ్డుకు అలవాటు. సోడా యాష్ ఎంత వెయ్యాలి, ఎన్నాళ్లకు వాషౌట్ చెయ్యాలి అన్నవి నీళ్ల పరీక్షను బట్టే తేల్చేవాళ్లు.

కంపెనీ రైల్వేలు పోయి 1951లో సదరన్ రైల్వే ఏర్పడింది. 1956లో గుంతకల్లు డివిజనయింది. 1977 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. బోర్డులు మారినా నీళ్లు మారలేదు. అసలు మార్పు తెచ్చింది డీజిల్. డీజిలింజను నీళ్లు తాగదు గానీ, దాని చల్లబరిచే గొట్టాల్లో నీళ్లు తిరగాలి. అవి ఉప్పునీళ్లయితే సిలిండర్ లైనర్లు, రేడియేటర్లు పాడవుతాయి. అందుకని డీజిల్ షెడ్లలో నీళ్లలోని ఉప్పులు తీసేసే డీఎం ప్లాంటు పెట్టారు. నీళ్లను ఒక రెజిన్ ట్యాంకులోంచి పంపితే కాల్షియం లాంటివి పట్టుకుంటుంది, ఇంకో రెజిన్ క్లోరైడు, సల్ఫేటు లాంటివి పట్టుకుంటుంది. అలసిన రెజిన్‌ను యాసిడ్డుతో, కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ బతికిస్తారు. అలా వచ్చిన నీళ్లకు తుప్పు పట్టనివ్వని మందు కలిపి ఇంజన్లో పోస్తారు. మా మేనల్లుడి ట్యాంకులో ఉన్నదీ అదే రెజిన్, కాకపోతే రెండు రకాలూ కలిపి ఒకే డబ్బాలో ఉంటాయి. ఇంజనుకు పెట్టిన పథ్యమే ఇప్పుడు కిటికీకి పెడుతున్నారు.

రైలుపెట్టెల కిటికీలు కడగడం మా డిపార్టుమెంటు పని. పాత పెట్టెలకు కొయ్య షట్టర్లు, అద్దపు పలకలు ఉండేవి. దుమ్మొస్తే ప్రయాణికుడే దించుకునేవాడు. 1955లో పెరంబూరు పెట్టెల ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) మొదలయ్యాక ఉక్కు పెట్టెలొచ్చాయి. మీటరుగేజి రోజుల్లో పెట్టెలు కడిగే పిట్ లైన్లో వెదురుగడకు కొబ్బరిపీచు బ్రష్షు కట్టి రుద్దేవాళ్లు, ఇంకొకడు హోసు పట్టేవాడు. అంటే కడిగేది ఒక కంబం, నీళ్లు పోసేది ఇంకో గొట్టం. ఆ రెంటినీ ఒకటి చేయడమే ఇప్పటి పోల్ చేసిన పని. వెదురుకు శత్రువు నీళ్లే. తడిపి మూల నిలబెడితే కింది కణుపు కుళ్లిపోతుంది, ఎండలో పడేస్తే నిలువునా చీలుతుంది. మా సఫాయివాలాల్లో తెలివైనోళ్లు గడను పడుకోబెట్టి నీడలో ఆరబెట్టేవాళ్లు, కణుపుల దగ్గర తీగ చుట్టేవాళ్లు. వాళ్ల గడే అందరికంటే ఎక్కువ రోజులుండేది. ఏసీ పెట్టెలొచ్చాక అద్దం మూసుకుపోయింది. దాన్ని బయట నుంచే కడగాలి. కడిగి వదిలేస్తే రెండో రోజుకు తెల్లమచ్చలు. ఆ మచ్చను మళ్లీ ఉప్పునీళ్లతో కడిగితే ఇంకో మచ్చ. కిటికీ సీట్లో కూర్చున్నవాళ్లు తిట్టుకునేది మమ్మల్నే గానీ బోరును కాదు.

బయటి ప్రపంచంలో కిటికీలు కడిగే పని ఇంకోలా నడిచింది. 1936లో కాలిఫోర్నియాలో ఎట్టోరే స్టెకోన్ అనే ఇటలీ మనిషి సన్నటి ఇత్తడి పట్టీలో రబ్బరు బిగించి పేటెంటు తీసుకున్నాడు. నీళ్లు ఆరకముందే లాగేసే ఆ పనిముట్టే దశాబ్దాల పాటు రాజ్యమేలింది. పోల్ పద్ధతికి ఊపొచ్చింది బ్రిటన్‌లో. ఎత్తు మీద పనిచేసే వాళ్ల రక్షణకు అక్కడ 2005లో నిబంధనలు తెచ్చి, నేల మీద నుంచే చేయగల పనికి మనిషిని పైకి ఎక్కించొద్దన్నారు. నిచ్చెనలు పక్కనపడ్డాయి. మన దగ్గర హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ లేచిన నాటి నుంచి అద్దాల మేడలు పెరిగినా, చాలావరకు తాళ్ల మీద వేలాడే కుర్రాళ్లే కడుగుతున్నారు. పోల్ మూడు నాలుగంతస్తుల వరకే సుఖం. గుంతకల్లుకు అది చాలు. మా బజార్లో అంతకు మించిన అద్దం లేదు.

ఇక ఈ పోల్ మా ఊళ్లో ఎన్నాళ్లుంటుంది? మేనల్లుడు తెచ్చినది విప్పి చూశాను. ఒక గొట్టం మీద ఇంకో గొట్టం జరిగే చోట నల్లమట్టి నలుసులు, ఇసుక రేణువులు. ఆషాఢంలో ఇక్కడ వీచే గాలి మామూలుది కాదు. ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలి తెచ్చే దుమ్ము గొట్టాల మధ్య చేరి, పోల్ సాగదీసిన ప్రతిసారీ గరుకు కాగితంలా రుద్దుతుంది. గొట్టం పలచబడుతుంది, గొట్టాలను బిగించే క్లాంపు పట్టు వదులుతుంది. క్లాంపు జారుతోందని స్క్రూ ఇంకా బిగిస్తే గొట్టం అంచు చిట్లుతుంది. చాలామంది అక్కడే నూనె పూస్తారు. అది పెద్ద తప్పు. నూనెకు దుమ్ము అంటుకుని గచ్చు తయారవుతుంది, పైగా ఆ నూనె అద్దం మీదికి చేరుతుంది. చేయాల్సిందల్లా సాయంత్రం పోల్‌ను పూర్తిగా విడదీసి, మంచినీళ్లతో లోపలా బయటా కడిగి, గొట్టాలు విడివిడిగా నీడలో ఆరబెట్టడం. మా సఫాయివాలా వెదురుకు చేసిందే ఇదీ.

నీడ అని గట్టిగా చెప్పడానికి కారణముంది. ఈ గొట్టాలు కార్బన్ నారను ఎపాక్సీ జిగురుతో అతికి చేసినవి. నార బలమైనదే గానీ జిగురు ఎండకు పెళుసవుతుంది. మా ఏప్రిల్, మే ఎండలో మిద్దె మీద పడేస్తే పై పొర పొడిరాలి, నార ముళ్లలా చేతికి గుచ్చుకుంటుంది. బ్రష్షును కుచ్చుల మీద నిలబెట్టకూడదు, వంగిపోతాయి. రెజిన్ డబ్బాను ఎండనివ్వకూడదు. ఆర్వో పొరకు మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిను పడదు. ముందున్న కార్బన్ ఫిల్టరు వేళకు మార్చకపోతే ఖరీదైన పొర పోతుంది.

తాగే నీళ్లకు భారత ప్రమాణం ప్రకారం టీడీఎస్, అంటే కరిగిన ఉప్పులు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మేలు, వేరే దారి లేకపోతే 2000 దాకా. కిటికీకి మాత్రం 10 లోపుండాలి. మనిషి కంటే అద్దానికి మంచి నీళ్లు కావాలన్నమాట! పైగా ఆర్వో ఒక బిందె శుభ్రం చేయడానికి తరచూ ఇంకో బిందె బయటికి వదులుతుంది. ఈ కరువు సీమలో ఆ నీళ్లను కాలవలో పోయడం నాకు నచ్చదు. నేల కడగడానికో దుమ్ము అణచడానికో వాడాలి. అసలు ఇంకో దారుంది. వాన నీళ్లలో ఉప్పులు చాలా తక్కువ. వంద చదరపు మీటర్ల మిద్దె మీద మా సగటు వానే పడినా లెక్క ప్రకారం 55 వేల లీటర్లు. సగం దక్కినా చాలు. పోల్‌కు నిమిషానికి రెండు మూడు లీటర్లే కదా. వాన నీళ్లు వడగట్టి పోస్తే రెజిన్ ఖర్చు బాగా తగ్గుతుంది.

గేజి మార్పిడితో మా మీటరుగేజి వెళ్లిపోయింది, ఆవిరి అంతకు కాస్త అటూ ఇటూగా వెళ్లింది. కాలమ్‌లు చాలావరకు పాత ఇనుము కింద పోయాయి. ఒక్కటైనా రంగు వేసి స్టేషన్ ముందు నిలబెడితే బాగుంటుందని డివిజన్ అధికారులకు నా మనవి.

పోల్ పట్టుకుని పనిచేసే కుర్రాళ్లకు మాత్రం ఒక మాట. ఇప్పుడు మా ప్రధాన మార్గాల మీద 25 వేల వోల్టుల తీగ ఉంది. కార్బన్ గొట్టం కరెంటును పంపుతుంది. తీగను తాకక్కరలేదు, దగ్గరికి పోతే చాలు. రైల్వేలో మాకు నేర్పిన దూరం 2 మీటర్లు. తడి పోల్, మసి పట్టిన గాజునార పోల్ కూడా నమ్మదగినవి కావు. రైలు కట్ట పక్కనున్న మేడ కిటికీ కడగాల్సొస్తే పోల్ పైకెత్తే ముందు తల పైకెత్తి చూడండి. తీగ కనబడితే ఆ కిటికీని లోపలి నుంచి గుడ్డతో తుడవండి.