లష్కరు వెనక ఒక దౌహిత్రుడు

ఆషాఢం వచ్చిందంటే మా నోట ‘లష్కర్ బోనాలు’ అన్న మాటే వస్తుంది. లష్కర్ అంటే దండు. ఆ దండు ఇక్కడ దిగడానికీ, ఊరు సికింద్రాబాద్ కావడానికీ మూలం వెతికితే, కొడుక్కా కూతురి కొడుక్కా గద్దె అన్న తగాదా దగ్గర తేలతాం.

1748లో మొదటి నిజాం బుర్హాన్‌పూర్‌లో కన్నుమూశాడు. పెద్దకొడుకు ఢిల్లీలో ఉన్నాడు. రెండోవాడు నాసిర్ జంగ్ ఖజానా చేజిక్కించుకున్నాడు. తాత తననే వారసుడన్నాడంటూ కూతురి కొడుకు ముజఫర్ జంగ్ ఎదురు తిరిగాడు. ఈ నేలకు అది వింత కోరిక కాదు. ఓరుగల్లులో రుద్రమదేవి తర్వాత గద్దెనెక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకే. అయితే రుద్రమ అతణ్ణి ముందే దత్తత చేసుకుంది. ముజఫర్‌కు ఆ బలం లేదు. అందుకే పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లే అండ వెతుక్కున్నాడు.

1750 డిసెంబరులో సొంత దండులోని పఠాన్ నవాబుల కుట్రకు నాసిర్ జంగ్ బలయ్యాడు. ముజఫర్ నిజామయ్యాడు. రెండు నెలలైనా నిండకముందే, 1751 ఫిబ్రవరిలో, రాయచోటి దగ్గర అదే నవాబులతో పోరులో చనిపోయాడు. అతని పసికొడుకును పక్కనపెట్టి, నిజాం మూడో కొడుకు సలాబత్ జంగ్‌ను ఫ్రెంచి సేనాని బుస్సీ గద్దెనెక్కించాడు. ఆ సలాబత్‌ను దించి తమ్ముడు నిజాం అలీ రాజ్యం తీసుకున్నాడు.

రాయచోటిలో ముజఫర్ బతికి బయటపడి ఉంటే? గద్దె కూతురి వంశానికి దక్కేది, నిజాం అలీ ఏదో జాగీరు ఏలుకునే మేనమామగా మిగిలేవాడు. దండు మాత్రం ఎలాగూ దిగేదనే నా నమ్మకం. పరాయి పటాలం లేనిదే ఆ వారసుల్లో ఎవరికీ గద్దె నిలిచేలా లేదు. కాకపోతే అది ఫ్రెంచి లష్కరు అయ్యేది. నిజానికి 1798 దాకా హైదరాబాదులో ఫ్రెంచివాడు రేమండ్ పెంచిన పటాలాలే ఉండేవి. ఆ ఏడాది ఒప్పందంతో నిజాం అలీ వాటిని రద్దు చేసి ఇంగ్లీషు సైన్యాన్ని ఒప్పుకున్నాడు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వాళ్ల డేరాలు లేచాయి. 1803లో అతని కొడుకు సికిందర్ జా నిజామయ్యాడు. 1806లో ఆ దండు ఊరికి అతని పేరే పెట్టారు.