సభకు ముందు సునామీ

మన పూర్వీకులలో పలువురు ఓడ ఎక్కిన రేవు కోరంగి. ఆ పేరు మీదనే ఈ దీవిలో మనల్ని కోరంగీలన్నారు. 1839 నవంబరులో తుపాను, ఉప్పెన కలిసి ఆ రేవును నాశనం చేశాయి. సముద్రం చేసే కీడు మనకు కొత్త కాదు. అందుచేత 2005 నాటి సభను మనం గుర్తుంచుకోవాలి.

చిన్న ద్వీప దేశాల కోసం ఐక్యరాజ్యసమితి మారిషస్‌లో మహాసభ తలపెట్టింది. 2004లో జరగవలసినది 2005 జనవరికి వాయిదా పడింది. పక్షం రోజులుందనగా, డిసెంబరు 26న, సునామీ వచ్చి రెండు లక్షల మందికి పైగా మరణించారు. ద్వీపదేశమైన మాల్దీవులు దెబ్బతిన్నది. మన తాతల ఆంధ్ర తీరంలోనూ ప్రాణాలు పోయాయి. అయినా సభ మానలేదు. జనవరి 10 నుంచి 14 వరకు జరిగింది. సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ సునామీ ప్రాంతాలు చూసి ఇక్కడికి వచ్చారు. ముందస్తు హెచ్చరికల అవసరం సభలో ప్రధానాంశమైంది. 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం నెలకొన్నది. 2011 నుంచి ఇతర హిందూమహాసముద్ర దేశాలకూ సమాచారం అందిస్తున్నది.

2024 జనవరి 15న, సంక్రాంతి నాడే, బెలాల్ తుపాను పోర్ట్ లూయిస్‌ను ముంచెత్తింది. విమానాశ్రయం మూతపడింది. మన ఉగాది వచ్చేదీ తుపానుల కాలంలోనే. కనుక సభలకు తేదీ నిర్ణయించేనాడే మారు తేదీ, చిక్కుకుపోయిన అతిథులకు బస కూడా ఆలోచించుకుందాం.