శ్వాసా? నాడియా?: హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు (1888–1889)

ఉపోద్ఘాతం

శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు ఇవ్వడం నేడు నిత్యం జరిగే ప్రక్రియ. మత్తులో ఉన్నంతసేపూ రోగి శ్వాసను, గుండె లయను, రక్తపోటును, రక్తంలోని ఆక్సిజన్‌ను కలిపి గమనిస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో మాత్రం వీటిలో దేనిని గమనించాలన్నదే పెద్ద వివాదం. దానిని తేల్చడానికి జరిగిన ప్రయత్నాలలో ముఖ్యమైనవి హైదరాబాదులో జరిగాయి. ఆ కమిషన్లు ఏమి నిర్ధారించాయో, ఎక్కడ పొరబడ్డాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వివాద నేపథ్యం

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారాన్ని మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. 1848 జనవరిలోనే ఇంగ్లండులో న్యూకాజిల్ సమీపాన హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక, కాలిగోరు తొలగించే చిన్న చికిత్సకై క్లోరోఫారం ఇవ్వగా కొద్ది నిమిషాలలోనే మరణించింది. ఈ మరణాల కారణంపై వైద్యులు రెండుగా చీలిపోయారు. గాలిలో క్లోరోఫారం ఆవిరి పాళ్లు మించితే గుండె నేరుగా ఆగిపోతుందని లండనులో జాన్ స్నో వాదించాడు. అందువల్ల మోతాదును కొలిచి ఇవ్వాలన్నాడు. ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ మాత్రం నాడిని పట్టించుకోనక్కరలేదని, శ్వాసను గమనిస్తే చాలునని బోధించాడు.

హైదరాబాదు కమిషన్లు

సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా, అక్కడి వైద్య పాఠశాల అధిపతిగా పనిచేశాడు. గురువు పద్ధతినే తన విద్యార్థులకు నేర్పాడు. ఆ పాఠశాలలో చదివి, తరువాత మత్తువైద్యంలో పేరు పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ సంప్రదాయానికి చెందినవారే. 1888లో మొదటి కమిషన్ కుక్కలపై ప్రయోగాలు చేసి, గుండె కంటె ముందు శ్వాసే ఆగుతుందని తేల్చింది. లండను వైద్యపత్రిక ‘లాన్సెట్’ ఈ ఫలితాన్ని శంకించింది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, పరిశీలనకు ప్రతినిధిని పంపమని ఆ పత్రికను కోరింది. 1889లో థామస్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకు ప్రమాదముందని నమ్ముతూ వచ్చిన ఆయన, వందలాది జంతువులపై జరిగిన ప్రయోగాలను చూసి, లారీ నిర్ణయాన్నే అంగీకరించాడు. 1890లో నివేదిక లాన్సెట్‌లోనే వెలువడింది.

నిర్ణయంలోని లోపం

1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ ఈ నివేదికను విమర్శించారు. క్లోరోఫారం ప్రభావం గుండెపై నేరుగా ఉంటుందని తమ ప్రయోగాలతో చూపారు. 1911లో గుడ్‌మన్ లెవీ వివాదాన్ని మరో మలుపు తిప్పాడు. పూర్తి మత్తు ఎక్కని పిల్లులకు అడ్రినలిన్ ఎక్కించగా, వాటి గుండె జఠరికలు లయ తప్పి కంపించి ఆగిపోయాయి. భయం వల్ల శరీరంలో అడ్రినలిన్ పెరుగుతుంది. కాబట్టి మత్తు ఇంకా పూర్తిగా ఎక్కని రోగి చిన్న చికిత్సలోనే హఠాత్తుగా మరణించడానికి ఇక్కడ ఒక వివరణ దొరికింది. హైదరాబాదు ప్రయోగాలు ప్రధానంగా మోతాదు మించిన మరణాలను పరిశీలించాయి. ఆ స్థితిలో శ్వాస ముందు ఆగడం నిజమే. కాని ఆ ఒక్క స్థితిలో తేలిన నిజాన్ని అన్ని స్థితులకూ వర్తింపజేసి, గుండెకు నేరుగా ప్రమాదమే లేదని ప్రకటించడం పొరపాటు.

ముగింపు

ఈ పొరపాటు ఫలితాన్ని రోగులు అనుభవించారు. నాడిని చూడనక్కరలేదన్న ధీమా పెరగడం, క్లోరోఫారానికి బదులు ఈథరును ఎంచుకోవలసిన చోట కూడా వెనుకాడడం అందులో భాగాలు. అయినా శ్వాసను ఎడతెగక గమనించాలని, శ్వాసమార్గాన్ని తెరిచి ఉంచాలని కమిషన్ చేసిన సూచనలకు నేటికీ విలువ తగ్గలేదు. ఒక దేశీయ సంస్థానం తన ఖర్చుతో అంతర్జాతీయ వైద్య ప్రశ్నపై ప్రయోగాలు జరిపించి, విమర్శకుణ్ణే సాక్షిగా పిలవడం వైద్యచరిత్రలో గుర్తుంచుకోదగినది. ఈ కమిషన్లను కేవలం ప్రాంతీయ ఘనతగా కీర్తించినా, విఫల ప్రయోగంగా తోసిపుచ్చినా చరిత్రలో సగమే చెప్పినట్లవుతుంది.