ఫిజీ దీవులలో ఉమ్మడి ఓటు

పసిఫిక్ మహాసముద్రములో, ఆస్ట్రేలియాకు తూర్పుగా, మూడువందలకు పైబడిన దీవుల సముదాయము ఫిజీ. జనసంఖ్య పదిలక్షలకైనను చేరదు. అయినను ఒకే నేలమీద నూరేండ్లకు పైగా బ్రతికిన రెండు జాతులు ఓటు వేయుటకు మాత్రము వేరువేరు గుమ్మములగుండ పోవలసివచ్చిన చరిత్ర ఇంత స్పష్టముగా కానవచ్చు తావులు అరుదు. ఆ జాతులలో ఒకటి మన దేశమునుండి పోయినదే. అందు మన తెలుగువారును కలరు.

1874 అక్టోబరు 10వ తేదీన ఫిజీ నాయకులు తమ దీవులను బ్రిటిషు రాణికి అప్పగించిరి. మరుసటి యేడు తట్టువ్యాధి వ్యాపించి జనములో ఇంచుమించు నాల్గవవంతును కబళించెను. అప్పుడు గవర్నరుగా వచ్చిన సర్ ఆర్థర్ గార్డన్, ఫిజీయనుల భూములు అమ్ముడుపోరాదనియు, వారిని పల్లెలనుండి పెరికి తోటలలో కూలికి పెట్టరాదనియు నిర్ణయించెను. కాని వలసరాజ్యమునకు ఆదాయము కావలెను. ఆదాయమునకు చెరకు కావలెను. చెరకునకు చేతులు కావలెను. మారిషస్‌లోను ట్రినిడాడ్‌లోను పాలించి వచ్చిన ఆయనకు ఆ చేతులెక్కడ దొరకునో తెలియును. ఒక జాతిని కాపాడిన నిర్ణయము తన వెలను మరియొక జాతిచేత చెల్లింపించెనని మేము తలచుచున్నాము. తరువాతి చిక్కులన్నియు ఈ ముడినుండి పుట్టినవే.

1879 మే 14వ తేదీన కలకత్తా నుండి ‘లియోనిడాస్’ అను ఓడ 463 మందితో ఫిజీ చేరెను. 1916 వరకు ఇట్లు వెళ్ళినవారు అరువదివేలకు పైబడిరి. అయిదేండ్ల ఒడంబడిక; ‘అగ్రిమెంటు’ అను మాట వారి నోట ‘గిర్మిట్’ అయినది. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు చాలునని చట్టమే లెక్కకట్టినదనిన, ఆ కూలిలైనులలో సంసారములెట్లుండెనో వేరుగ చెప్పనక్కరలేదు. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు బయలుదేరెను. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా జిల్లాలవారు ఆ ఓడలెక్కిరి. దక్షిణాది సంఘములు పాఠశాలలు పెట్టి తమిళమును తెలుగును నేర్పినను, పొలములో, అంగడిలో, చివర కింటిలోను ఫిజీ హిందీయే నిలిచినది. ఇంటిపేరు మిగిలినది, భాష జారినది.

ఇక ఓటు సంగతి. 1929లో శాసనమండలిలో భారతీయులకు ఎన్నికద్వారా మూడు స్థానము లిచ్చిరి. గుప్పెడుమంది యూరోపియనులకు ఆరు. ఫిజీయనులకు ఓటే లేదు. వారి ప్రతినిధులు నాయకుల మహాసభ సూచింపగా నియమింపబడువారు. వారు మొదటిసారి ఓటు వేసినది 1963లో. భారతీయ సభ్యులలో ముఖ్యుడైన విష్ణుదేవ్, జాతులవారీ జాబితాలు వలదు, అందరికి ఉమ్మడి జాబితా యుండవలెనని తీర్మానము తెచ్చెను. అది వీగిపోగా ముగ్గురును సభనుండి వెడలిపోయిరి. ప్రత్యేక నియోజకవర్గముల ఫలమెట్టిదో 1909 నుండి చూచుచున్న మనవారికి ఈ కోరిక వింతగా తోపదు.

అయితే 1946 జనాభా లెక్కలలో భారతీయుల సంఖ్య ఫిజీయనుల సంఖ్యను మించెను. 1929లో సమత్వముగా వినిపించిన మాటయే అప్పటినుండి ఫిజీయనుల చెవికి ఆధిపత్యముగా వినిపింపసాగెను. మాట మారలేదు, అంకెలు మారినవి. భూమిలో నూటికి ఎనుబదిపాళ్ళకు పైగా ఫిజీ వంశములదే. దానిని కౌలుకు దున్ని చెరకు పండించువారు భారతీయులు. ఒకరికి కౌలు ఎప్పుడు తీరునోయని దిగులు, ఒకరికి నేల ఎప్పుడు జారునోయని దిగులు. ఈ రెండు దిగుళ్ళ నడుమ యూరోపియను చక్కెర కంపెనీ నెమ్మదిగా వ్యాపారము చేసికొనెను.

1970 అక్టోబరు 10న స్వాతంత్ర్యము వచ్చినది. 52 స్థానములలో ఫిజీయనులకు 22, భారతీయులకు 22, ఇతరులకు 8. ఉమ్మడి జాబితాకై జీవితమంతయు వాదించిన ఎ. డి. పటేల్ అంతకు ముందటి యేడే మరణించెను. రాతు మారా ప్రభుత్వము పదునేడేండ్లు సాగెను. 1987 ఏప్రిలులో డాక్టర్ బవాండ్రా నాయకత్వమున కూటమి గెలిచెను. ప్రధాని ఫిజీయనుడే, కాని ఆయన వెనుకనున్న ఓట్లలో పెక్కు భారతీయులవి. నెల తిరిగీ తిరుగకముందే మే 14న, లియోనిడాస్ వచ్చిన తేదీననే, లెఫ్టినెంట్ కర్నల్ రంబుకా సైనికులతో పార్లమెంటులో ప్రవేశించెను. 1990 రాజ్యాంగము 70 స్థానములలో ఫిజీయనులకు 37, భారతీయులకు 27 ఇచ్చినది. వేలకొలది భారతీయులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు తరలిపోయిరి.

అంతటితో కథ ముగిసియున్న చెప్పవలసిన దేమియు లేకపోవును. ప్రతిపక్ష నాయకుడు జైరామ్ రెడ్డి దక్షిణ భారత సంతతివాడు, న్యాయవాది. తిరుగుబాటు చేసిన ఆ రంబుకాతోనే ఆయన సంధికి కూర్చుండెను. సర్ పాల్ రీవ్స్ అధ్యక్షతన నియమింపబడిన సంఘము 45 స్థానములు ఉమ్మడిగాను, 25 జాతులవారీగాను ఉండవలెనని చెప్పగా, పార్లమెంటు దానిని తలక్రిందు చేసి 46 జాతులవారీగాను, 25 ఉమ్మడిగాను ఉంచెను. రెడ్డి దానికిని ఒప్పుకొనెను. 1997 జూన్‌లో ఆయన నాయకుల మహాసభలో ప్రసంగించెను. అంతకుముందు ఏ భారతీయ నాయకునికిని ఆ పీఠము దక్కలేదు. మీరు ఫిజీయనులకే కాదు, ఈ దేశప్రజలందరికిని నాయకులని ఆయన వారితో అనెను. ఇది లొంగుబాటని ఆనాడు కొందరు నిందించిరి. మాకట్లు తోచదు: సంఖ్యతో గెలువలేనని యెరిగినవాడు భయమును తొలగింపజూచెను.

ఫలము చేదుగానే వచ్చినది. 1999 ఎన్నికలలో రెడ్డి పక్షమునకు ఒక్క స్థానమైనను రాలేదు. ఆయన కుదిర్చిన రాజ్యాంగము క్రింద మొదటి భారతీయ ప్రధాని అయినవాడు ఆయన ప్రత్యర్థి మహేంద్ర చౌదరి. సరిగా యేడాదికి, 2000 మే 19న, జార్జి స్పైట్ ముఠా పార్లమెంటులో చొరబడి ప్రధానిని ఇతరులను 56 దినములు బందీలుగా నుంచెను.

2006 డిసెంబరులో సైన్యాధిపతి బైనిమరామా అధికారము చేపట్టెను. 2013లో ఆయన ప్రభుత్వము తెచ్చిన రాజ్యాంగము జాతులవారీ జాబితాలను రద్దుచేసి, పౌరులందరును ‘ఫిజీయను’లే యనెను. విష్ణుదేవ్ కోరినది ఎనుబదినాలుగేండ్లకు వచ్చినది; కాని ప్రజలను అడిగి తెచ్చినది కాదు. 2007 లెక్కలనాటికే భారతీయులు నూటికి 37 లేక 38 మందికి తగ్గియుండిరి. ఇప్పుడా ఓటును చూచి వెరచువారు తక్కువ.

2022 డిసెంబరులో రంబుకా మరల ప్రధాని అయ్యెను. ఈసారి ఆయన ప్రభుత్వమున రెడ్డి యొకప్పుడు నడిపిన పక్షమును భాగస్వామి. 2023 మేలో గిర్మిట్ దినమును సెలవుగా ప్రకటించి, ఆ నెల 14న గిర్మిటియాల సంతతిని బహిరంగముగా క్షమాపణ వేడెను. అదే యేడు, పదకొండేండ్ల క్రితము రద్దయిన నాయకుల మహాసభయు మరల కొలువుతీరెను. జైరామ్ రెడ్డి 2022 ఆగస్టులోనే గతించెను.