కండెన్సర్ మైక్రోఫోన్ (ఇంటి రికార్డింగు, వేదిక)

పల్చని పొర, దాని వెనకున్న స్థిర ఫలకం మధ్య ఎడం మారినప్పుడు కలిగే విద్యుత్ మార్పుతో ధ్వనిని పట్టే సాధనం. 1916లో అమెరికాలో ఇ.సి. వెంటే రూపొందించాడు. సాధారణంగా దీనికి మైకు తీగ ద్వారానే అందే 48 వోల్టుల విద్యుత్తు (ఫాంటమ్ పవర్) కావాలి. ఇది స్టూడియోకే తగునన్న అభిప్రాయం సరికాదు. గుంటూరులోని బ్రాడీపేట లాంటి చోట, పక్క లైనులో ఆటోల హారన్లు, గదిలో ఫ్యాను, నున్నటి గోడలు ఉన్నప్పుడు అది అన్నిటినీ పట్టేస్తుందన్నది నిజమే. అయితే దోషం మైకుది కాదు, దూరానిది. గాయకుడికి, మైకుకి మధ్య దూరం సగానికి తగ్గితే నేరుగా చేరే స్వరం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత దాదాపు అలాగే ఉంటుంది. కార్డియాయిడ్ మైకును (ముందువైపు ధ్వనిని ఎక్కువగా, వెనకవైపుది తక్కువగా పట్టేది) జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా ఉంచి, పాడేవారి వెనక దూది పరుపు నిలబెడితే చాలావరకు సరిపోతుంది.

వేదికపై డైనమిక్ మైకే మేలని సౌండు సిస్టమ్ వారు అంటారు. స్పీకర్ల ధ్వని తిరిగి మైకులో పడి కూతపెట్టే బెడద దృష్ట్యా ఆ మాటలో బలముంది. కానీ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ప్రసిద్ధికి తెచ్చిన బుర్రకథనే చూడండి: కథకుడి బొటనవేలి అందె గలగల, తంబుర మీటు, వంతల గుమ్మెట దెబ్బ ఒకేసారి వస్తాయి. అందెలోని సన్నని మోగుడు కండెన్సర్‌లోనే స్పష్టంగా నిలుస్తుంది. స్పీకర్లను మైకు కన్నా ముందుకు, ప్రేక్షకుల వైపు ఉంచి, మైకు వీపు వాటివైపు తిప్పితే కూత చాలావరకు అదుపులోకి వస్తుంది; గుమ్మెట జోరుకు మైకు పగలకుండా 10 డెసిబెల్స్ ప్యాడ్ (సిగ్నల్‌ను తగ్గించే స్విచ్) వేస్తే సరి.