కాంతారావు, తాడేపల్లి లక్ష్మీ (1923–2009)

తెలుగు సినిమా నటుడు, నిర్మాత. నాటి నల్లగొండ జిల్లా, నేటి సూర్యాపేట జిల్లాలో కోదాడ దగ్గరి గుడిబండలో 1923 నవంబరు 16న పుట్టారు. సురభి వారి నాటకాలు చూసి రంగస్థలంపై మక్కువ పెంచుకుని, ఊళ్లోనే వేషాలు కట్టారు.

మద్రాసు చేరిన ఈ యువకుణ్ణి చేరదీసిన పెద్ద దిక్కు హెచ్.ఎం.రెడ్డి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) తీసిన ఆ దర్శకుడు అప్పటికే వయసు మళ్లినవారు. ‘నిర్దోషి’ (1951)లో చిన్న వేషమిచ్చి, రెండేళ్లకే ‘ప్రతిజ్ఞ’ (1953)లో కథానాయకుణ్ణి చేశారు. రాజనాల తెరకు పరిచయమైందీ ఆ చిత్రంతోనే. తర్వాత జానపదాల్లో ఎన్నోసార్లు ఎదురెదురుగా కత్తులు దూసిన ఈ జంట ఒకే గురువు చేతిమీదుగా వచ్చింది.

బి.విఠలాచార్య చిత్రాలు ఆయన్ను ‘కత్తి కాంతారావు’ను చేశాయి, వాటిలో ‘గురువును మించిన శిష్యుడు’ (1963) ఒకటి. అయితే కత్తి ఒక్కటే ఆయన ప్రతిభకు కొలమానం కాదు. ‘సీతారామ కళ్యాణం’ (1961)లో నారదుడు, ‘లవకుశ’ (1963)లో లక్ష్మణుడు, ‘నర్తనశాల’ (1963)లో కృష్ణుడు ఆయనే. మహీరుహాల్లాంటి సహనటుల పక్కన నిలిచి కూడా తన పాత్రను చెక్కుచెదరనివ్వలేదు.

‘సప్తస్వరాలు’, ‘గండర గండడు’ (1969), ‘ప్రేమజీవులు’ (1971), ‘గుడుపుఠాణి’ (1972) వంటి చిత్రాలు స్వయంగా నిర్మించి, గుడిబండలోని పొలాలు అమ్ముకున్నారు. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశారు.